కాటన్ అనే ఇంటిపేరు వెంట ఇంగ్లండు ఊళ్ళలో

సోమవారం, డార్కింగ్

లండన్ వాటర్లూ స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కితే గంటలోపు డార్కింగ్ వచ్చేసింది. సర్రీ కొండల మధ్య చిన్న పట్నం. ఒకపక్క బాక్స్ హిల్, దాని పాదాన్ని ఒరుసుకుంటూ మోల్ నది. సర్ ఆర్థర్ కాటన్ చివరి కాలమంతా ఇక్కడే గడిపి, 1899 జులై 24న తొంభై ఆరేళ్ళ వయసులో ఇక్కడే కన్నుమూశారు. ఊరి శ్మశానవాటిక రైగేట్ రోడ్డు మీద ఉంది. నవలాకారుడు జార్జ్ మెరెడిత్ సమాధి కూడా అందులోనే ఉంది గానీ, మన వైపు నుంచి వచ్చేవాళ్ళు వెతికేది కాటన్ దొర సమాధినే. దండం పెట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకు ఆయన గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1833 నాటి డొక్కల కరువు గుంటూరు, బందరు సీమల్ని ఏం చేసిందో, ఆయన చేతుల మీదుగా 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత డెల్టా ఎలా మారిందో మా ఇళ్ళలో తాతల నుంచి వింటూనే ఉన్నాం. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ను భగీరథుడని తలుచుకునే పురోహితులు ఉన్నారు. ఇన్ని తరాలుగా మేం పలుకుతున్న ఆ 'కాటన్' ఆయన ఇంటిపేరు. ఆయనకు ముందు ఆ పేరు ఎవరిది, ఏ ఊళ్ళో పుట్టింది, ఎలా చేతులు మారింది అన్నది ఆ ఊళ్ళు తిరిగి తెలుసుకోవాలని చాలా ఏళ్ళ కోరిక. సమాధి దగ్గర మొదలుపెట్టి కాలంలో వెనక్కి వెళ్దామనుకున్నాను.

డార్కింగ్‌లో ఆయన ఊరికే కూర్చోలేదు. తోటలో నేలను లోతుగా తవ్వి పంట దిగుబడి ఎంత పెంచవచ్చో ప్రయోగాలు చేస్తూ వచ్చారు. కూతురు లేడీ హోప్ ఇదే ఊళ్ళో జనం చేత తాగుడు మాన్పించడానికి కాఫీ హోటల్ నడిపింది. తండ్రి పోయిన మరుసటి ఏడు, 1900లో ఆయన జీవితచరిత్ర ప్రచురించింది. ఇక్కడ తన ఇంటికి ఆయన పెట్టుకున్న పేరు 'వుడ్‌కాట్'. నా రేపటి దారి ఆ పేరులోనే ఉంది.

మంగళవారం, వుడ్‌కోట్

మా మేనకోడలు రెడింగ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ పూట సెలవు పెట్టి కారు తీసింది. థేమ్స్ దాటి చిల్టర్న్ కొండలెక్కితే బీచ్ చెట్ల అడవుల మధ్య వుడ్‌కోట్. ఆర్థర్ తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌ను పాత పత్రాలు ఈ ఊరివాడిగానే చెబుతాయి. ఆయనకు పదకొండుమంది మగపిల్లలు. 1803 మే 15న పుట్టిన ఆర్థర్ అందులో పదోవాడు. పదకొండుమందికి పంచేంత ఆస్తి లేకపోతే ఆ కాలపు ఇంగ్లీషు పెద్దింటి పిల్లలకు ఉన్న దారులు పటాలం, చర్చి, ఈస్టిండియా కంపెనీ. అన్న సిడ్నీ సైన్యంలో చేరి 1857 నాటికి పెషావర్‌లో అధికారి అయ్యాడు. మరో సోదరుడు ఫ్రెడరిక్ ఆర్థర్‌లాగే మద్రాసు ఇంజనీర్లలో చేరాడు. గోదావరికి కాటన్ రావడం వెనక ఈ ఇంటి లెక్క ఉంది.

చర్చి పక్కన దిగి నడుస్తుంటే మా పిల్ల అడిగింది: "మావయ్యా, వుడ్ అంటే అడవి సరే, కోట్ అంటే ఏంటి?"

"పాకే అమ్మా. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే పాక, గుడిసె. కాటేజీ అన్నది దాని బిడ్డే."

"అయితే కాటన్?"

"పాకల దగ్గర."

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. పాత ఇంగ్లీషుకు మన భాషలాగే విభక్తులు ఉండేవి. 'కాట్' అన్న మాట బహువచనంలో, 'దగ్గర' అనే అర్థంలో వచ్చినప్పుడు 'కాటుమ్' అయ్యేది. నాలుగు గుడిసెలు ఉన్న చోటును జనం 'పాకల దగ్గర' అని పిలిచారు, అదే ఊరిపేరుగా నిలిచిపోయింది. ముందు చివరి అక్షరం మెత్తబడింది, తర్వాత విభక్తులు అరిగిపోయాయి. కాటుమ్ కాస్తా కొన్నిచోట్ల కోటన్, కొన్నిచోట్ల కాటన్, ఇంకొన్నిచోట్ల కోథమ్ అయింది. మన ఇంటిపేర్లలోనూ ఇదే పని జరిగింది కదా! ఏలూరు ఊరు, ఏలూరి ఇంటిపేరు. కొండవీడు ఊరు, కొండవీటి ఇంటిపేరు. మన వ్యాకరణం ఔపవిభక్తికమని పేరు పెట్టిన ఆ 'ఇ', 'టి' ఇళ్ళ పేర్లలో పదిలంగా ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు మాట్లాడేటప్పుడు ఎప్పుడో వదిలేసుకున్న విభక్తి కూడా కాటన్ చివర అలాగే మిగిలిపోయింది. వేల మైళ్ళ దూరంలో ఇద్దరూ ఊరిపేరును ఇంటిపేరు చేసుకున్న తీరు ఒకటే కావడం నాకు చాలా ఆనందాన్నిచ్చిన సంగతి.

ఇంటిపేరుకు పత్తికీ సంబంధం లేదు. బట్ట కాటన్ అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. పలకడంలో రెండూ ఒకటైపోయాయి. ఈ కలయికను ఆ కుటుంబమే ఎలా వాడుకుందో గురువారం నాడు కళ్ళారా చూశాను.

బుధవారం, లండన్

బ్రిటిష్ లైబ్రరీలో ఒక రోజు పూర్తిగా గడపడానికి కారణం ఇంకో కాటన్. సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్, 1571లో పుట్టి 1631లో పోయినవాడు. ఎనిమిదో హెన్రీ కాలంలో క్రైస్తవ మఠాలు మూతపడ్డాక చెల్లాచెదురైన రాతప్రతులను జీవితమంతా ఏరి కూడబెట్టాడు. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌కు ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క ప్రతి ఆయన దాచినది. లిండిస్‌ఫార్న్ సువార్తల గ్రంథం ఆయనది. రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 నాటి మాగ్నా కార్టా ప్రతులు నాలుగు మిగిలితే అందులో రెండు ఆయన సేకరణలోవి. ఆయన పుస్తకాల బీరువాల మీద రోమన్ చక్రవర్తుల విగ్రహాలు ఉండేవి. అందుకే బేవుల్ఫ్ ఇవాళ్టికీ 'కాటన్ విటెలియస్' అనే గుర్తుతోనే ఉంది; విటెలియస్ ఆ చక్రవర్తుల్లో ఒకడు. ఇన్ని పాత పత్రాలు ఒక్క మనిషి చేతిలో ఉండడం రాజుకు కంటగింపైంది. 1629లో మొదటి చార్లెస్ ఆ గ్రంథాలయాన్ని మూయించాడు. తెరిపించుకోలేకుండానే రెండేళ్ళకు రాబర్ట్ కాటన్ పోయాడు. మనవడు సర్ జాన్ దాన్ని దేశానికి అప్పగించాడు. 1731 అక్టోబరు 23న యాష్‌బర్న్‌హామ్ హౌస్‌లో మంటలు లేచి కొన్ని కాలిపోయాయి. బేవుల్ఫ్ అంచులు కమిలి బయటపడింది. గ్యాలరీలో చిరుచీకట్లో ఆ పాత తోలు పుటలను చూస్తుంటే గుండె బరువెక్కింది. మన తాళపత్రాలు ఎన్ని ఇళ్ళ అటకల మీద చెదలు తినిపోయాయో గుర్తొచ్చింది.

ఈయన మన కాటన్‌కు పూర్వీకుడా? ఈయన వంశం స్టాఫర్డ్‌షైర్‌లోని రిడ్‌వేర్ నుంచి వచ్చి, పెళ్ళి సంబంధంతో హంటింగ్డన్‌షైర్‌లో కానింగ్టన్ అనే ఊరికి యజమానులైంది. మన కాటన్‌ది చెషైర్ శాఖ. పాకలు లేని చోటు ఇంగ్లండులో లేదు కాబట్టి కాటన్, కోటన్ అనే ఊళ్ళు కూడా దేశమంతా ఉన్నాయి. సఫోక్‌లో ఒకటి, స్టాఫర్డ్‌షైర్‌లో ఒకటి, కేంబ్రిడ్జి పక్కన కోటన్ ఒకటి, చెస్టర్ పక్కన ఏకంగా కాటన్ ఎడ్మండ్స్, కాటన్ అబ్బట్స్ అని రెండు. ఒక్కో ఊరి నుంచి ఒక్కో కుటుంబం ఆ పేరు పట్టుకుని బయల్దేరింది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తం కలిసినట్టు కాదు. ఇది మన దగ్గరా అంతే.

స్టాఫర్డ్‌షైర్‌లో డవ్ నది ఒడ్డున చేపలు పట్టడం మీద అందమైన వచనం రాసిన కవి చార్లెస్ కాటన్ ఒకరు. లింకన్‌షైర్ బోస్టన్ చర్చిలో పాదిరీగా ఉండి 1633లో అమెరికా బోస్టన్‌కు వెళ్ళిపోయిన జాన్ కాటన్ ఇంకొకరు. ఈ జాన్ కూతురి కొడుక్కు తాతగారి ఇంటిపేరునే సొంతపేరుగా పెట్టారు. అమెరికా చరిత్రలో పేరుమోసిన కాటన్ మేథర్ అతడే.

గురువారం, రెన్‌బరీ, కంబర్మియర్

యూస్టన్ నుంచి క్రూ, అక్కడ బండి మారి ష్రూస్‌బరీ వెళ్ళే చిన్న రైలు. నాంట్‌విచ్ దాటగానే చెషైర్‌లోని రెన్‌బరీలో నేనొక్కణ్ణే దిగాను. స్టేషన్ నుంచి ఊళ్ళోకి నడవాలి. ఊరి అంచున లాంగాలెన్ కాలువ, దాని మీద పడవ వస్తే పైకి లేచే కొయ్య వంతెన. సన్నటి పడవలు లాకుల గుండా నెమ్మదిగా సాగుతున్నాయి. ఈ కాలువకు నీళ్ళు ఎక్కడివంటే, ఇంజనీరు థామస్ టెల్‌ఫర్డ్ డీ నది మీద కట్టించిన హార్స్‌షూ ఫాల్స్ అనే చిన్న ఆనకట్ట నుంచి. నదికి అడ్డంగా గోడ కట్టి, నీళ్ళు కాలువలోకి మళ్ళించి, అదే కాలువలో పడవలు నడపడం! మన డెల్టా కాలువల గట్ల మీద పెరిగినవాణ్ణి కావడంతో అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

సెయింట్ మార్గరెట్ చర్చిలో కాటన్ల స్మారక ఫలకాలు గోడల నిండా ఉన్నాయి. వాటి మధ్య ఆ వంశపు చిహ్నం కనిపించింది: నీలి రంగు మీద తలకిందులైన V లాంటి తెల్లటి పట్టీ, దాని చుట్టూ మూడు తెల్లటి నూలు చిలపలు, అంటే నూలు చుట్టలు. పత్తినూలు చిలపలే! పాకల నుంచి వచ్చిన ఇంటిపేరును ఈ కుటుంబమే పత్తిగా చిత్రించుకుంది. మధ్యయుగపు యూరప్‌లో ఇంటిపేరు ఉచ్చారణను బట్టి బొమ్మ వేసుకోవడం మామూలే. ప్రభువుల మధ్య తిరిగే వంశానికి గుడిసె బొమ్మకంటే చిలప బొమ్మ బాగుంటుందనుకున్నారేమోనని నా ఊహ. మోరిలో, మంగళగిరిలో చిలపలు ఆరబెట్టిన వీధులు చూసినవాడిగా ఆ గుర్తు ముందు చాలాసేపు నిలబడ్డాను.

కంబర్మియర్ ఎస్టేటు ఇక్కడికి కొన్ని మైళ్ళ దూరం. 'మియర్' అంటే చెరువు. మంచుయుగం వదిలిపోయిన ఇలాంటి చెరువులు ఈ సీమలో చాలా ఉన్నాయి, ఇది వాటిలో పెద్దది. దాని గట్టున 1133లో నాంట్‌విచ్ ప్రభువు హ్యూ మాల్‌బాంక్ సన్యాసుల మఠం కట్టించాడు. నాలుగు వందల ఏళ్ళు అది మఠంగానే ఉంది. ఎనిమిదో హెన్రీ మఠాల ఆస్తులు లాక్కున్నప్పుడు 1538లో ఇదీ పోయింది. మరుసటి ఏడు రాజు దగ్గర కొలువులో ఉన్న సర్ జార్జ్ కాటన్ చేతికి వచ్చింది. అప్పటిదాకా మామూలు భూస్వాములైన ష్రాప్‌షైర్ కాటన్లు ఈ ఒక్క దానంతో కంబర్మియర్ కాటన్లయ్యారు.

ఆ 1538నే ఇంకో పని జరిగింది. మఠాలు మూయించిన మంత్రి థామస్ క్రామ్‌వెల్లే, ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోనూ, బాప్తిస్మం, పెళ్ళి, ఖననం రాసే పుస్తకం పెట్టాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఇంగ్లండులో సామాన్యుల ఇంటిపేర్లు తరతరాలుగా దొరుకుతున్నాయంటే ఆ రిజిస్టర్ల చలవే. అంతకు ముందు దస్తావేజుల్లో ఎక్కువగా ఆస్తిపాస్తులున్నవాళ్ళ పేర్లే ఉండేవి. 1538 తర్వాత పాలేరు పేరు కూడా కాగితం మీదికెక్కింది.

పాత గుర్రపుశాలలను ఇప్పుడు అద్దె కాటేజీలుగా మార్చారు. అందులో ఒకదానిలో రాత్రి బస. ఆ ఇల్లు చుట్టి చూపించే రోజులు ఏడాదిలో కొన్నే, అందుకని ముందే రాసుకుని వచ్చాను. మఠాధిపతి ఉన్న హాలే ఇంటి గ్రంథాలయమైంది. 1563లో రిచర్డ్ కాటన్ దాన్ని ఇల్లుగా మార్చి కట్టించాడు. 1677లో వంశానికి తరతరాలకూ దక్కే బారోనెట్ బిరుదు వచ్చింది. ఆ బిరుదు తెచ్చిన రాబర్ట్ కాటన్ వేల్స్‌లోని లెవెనీ ఆస్తికి వారసురాలైన హెస్టర్ సాల్స్‌బరీని పెళ్ళాడాడు. ఆడపిల్ల ఆస్తితో పాటు ఆమె ఇంటిపేరూ మగపిల్లల పేర్లలో చేరింది: సాల్స్‌బరీ కాటన్, తర్వాత స్టేపుల్టన్ కాటన్. ఆర్థర్ తాత సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్ ఈ ఇంటి నాలుగో బారోనెట్. ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ 1774లో వేల్స్ వెళ్తూ ఈ ఇంట్లో ఆగాడు. అతన్ని వెంటబెట్టుకొచ్చిన స్నేహితురాలు హెస్టర్ త్రేల్ తల్లి ఈ ఇంటి ఆడపడుచే.

ఈ ఇంటి పేరు పెద్దగా మోగించినవాడు ఫీల్డ్ మార్షల్ స్టేపుల్టన్ కాటన్. ఆర్థర్‌కు స్వయానా పెదనాన్న కొడుకు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు, స్పెయిన్‌లో వెల్లింగ్టన్ కింద గుర్రపు దళాన్ని నడిపాడు, 1826 జనవరిలో భరత్‌పూర్ కోటను పడగొట్టాడు. 1827లో వైకౌంట్ కంబర్మియర్ అనే ప్రభువు బిరుదు పొందాడు. నెవిస్, సెయింట్ కిట్స్ దీవుల్లో తల్లి వైపు నుంచి వచ్చిన చెరకు తోటలు, వాటితో పాటు బానిసలు కూడా ఆయనకు ఉండేవారు. 1833 చట్టం బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు పరిహారం పుచ్చుకున్న యజమానుల్లో ఆయన ఒకడు. చెస్టర్ కోట ముందు గుర్రం మీద ఉన్న కంచు విగ్రహం ఆయనదే. ఒకే ఇంటి అన్నదమ్ముల పిల్లల్లో ఒకరు భరత్‌పూర్ గోడలు కూల్చారు, ఒకరు గోదావరికి గోడ కట్టారు. నా మనసు ఎటువైపో చెప్పక్కర్లేదు. ఇంటిపేరు చరిత్ర రాసేటప్పుడు మాత్రం ఇద్దర్నీ రాయాలి, చెరకు తోటలనూ రాయాలి.

1919లో ఎస్టేటు అమ్ముడుపోయింది. కాటన్లు కంబర్మియర్‌లో లేరు. బిరుదు మాత్రం వంశంలో సాగుతోంది.

శుక్రవారం, వేమ్

విట్‌చర్చ్‌లో అదే లైను మీద రైలెక్కితే ప్రీస్ తర్వాత వేమ్. ష్రాప్‌షైర్ ఉత్తరపు కొస. వంశవృక్షాలు కంబర్మియర్ కాటన్ల మూలం 'ష్రాప్‌షైర్‌లోని కాటన్' అంటాయి. ఈ సీమలో ఆ పేరున్న చోట్లు ఒకటికి మించి ఉన్నాయి. వేమ్ పారిష్‌లో పూర్వం ఉన్న పల్లెల జాబితాలో కాటన్ ఒకటి. నేను నడిచింది అక్కడికే.

చూడ్డానికి ఏముందంటే పొలాలు, కంచెలుగా పెంచిన ముళ్ళపొదలు, పాడి ఆవులు, దూరదూరంగా ఎర్ర ఇటుక ఇళ్ళు. ఫలకాలు లేవు, టిక్కెట్లు లేవు. నాకు మాత్రం ఈ ప్రయాణంలో అన్నిటికంటే విలువైన నడక ఇదే. కోటలూ బిరుదులూ తర్వాతివి. మొదట ఇక్కడ మట్టిగోడల పాకలు కొన్ని ఉండేవి, అవతలి ఊరివాళ్ళు వాటిని చూపించి దారి చెప్పుకునేవాళ్ళు.

ఆ పాకల్లో ఎవరుండేవారో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథం పద్ధతి చూస్తే తెలుస్తుంది. విలియం రాజు దేశమంతా లెక్క రాయించినప్పుడు భూమి ఎవరిది, నాగళ్ళు ఎన్ని, మిల్లులు ఎన్ని, మనుషులు ఎన్ని రకాలు అని రాశారు. వేమ్ అప్పట్లో రోజర్ ప్రభువు కింద విలియం పంతుల్ఫ్‌ది. ఆయన పేరు ఉంది. రైతులకు మాత్రం అంకెలే, అదీ తరగతుల వారీగా: ఇన్ని విలాన్లు, ఇన్ని బోర్డార్లు, ఇన్ని కోటార్లు. కోటారు అంటే కాట్‌లో ఉండేవాడు, పాకవాడు. సొంత భూమి లేక, లేదా పెరడంత ముక్కతో, దొర పొలంలో పనిచేసేవాడు. మెట్ల వరుసలో బానిసకు కాస్త పైన. అలాంటి ఒక్క మనిషి పేరూ ఆ గ్రంథంలో లేదు. వాళ్ళ పాకలు ఊరికి పేరయ్యాయి, ఆ ఊరు ఏలినవాడు ఆ పేరు తగిలించుకున్నాడు, అతని సంతానం వైకౌంట్లయ్యారు. పాకలవాళ్ళకు ఏ ఇంటిపేరు వచ్చిందో, వచ్చిందో లేదో!

సాయంత్రం పిల్ల ఫోన్ చేసి "ఏం కనబడింది మావయ్యా?" అంది. "మన ఊరి శివారులాగే ఉందమ్మా" అన్నాను.

శనివారం, ష్రూస్‌బరీ

కాజిల్ గేట్స్‌లోని ష్రాప్‌షైర్ ఆర్కైవ్స్. జిల్లా చరిత్ర సంఘం అచ్చువేసిన పాత పన్ను జాబితాలు అందుబాటులో ఉన్నాయి. ఇంగ్లండులో నార్మన్లు రాకముందు మనిషికి ఒక్క పేరే. వాళ్ళు వచ్చాక భూమి ఉన్నవాళ్ళు తమ ఊరిపేరు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టారు. కొడుక్కు భూమి నాదేనని చెప్పుకోవాలంటే తండ్రి పేరుకంటే ఊరిపేరే పనికొచ్చేది. పన్నులు వేసే గుమాస్తాలకూ ఊళ్ళో పదిమంది విలియమ్‌లనూ జాన్‌లనూ విడదీయాలంటే ఇంకో పేరు కావలసి వచ్చింది. పన్నెండో శతాబ్దం నుంచి పద్నాలుగో శతాబ్దం చివరి దాకా ఇలా ఇంటిపేర్లు మెల్లగా గట్టిపడ్డాయి.

1327 నాటి పన్ను జాబితా ముందు పెట్టుకున్నాను. లాటిన్‌లో ఉంది, ఊరి వారీగా పేర్లు, పక్కన కట్టిన డబ్బు. చాలా పేర్లలో మనిషికీ ఊరికీ మధ్య 'డి' అనే చిన్న మాట: ఫలానా ఊరి ఫలానావాడు. అప్పటికి అది ఇంకా చిరునామాలాగే ఉంది. తర్వాతి తరాల పత్రాల్లో 'డి' జారిపోతూ వస్తుంది. ఊరు వదిలి చెషైర్ వెళ్ళినా, లండన్ వెళ్ళినా, మద్రాసు ఓడెక్కినా అతడు కాటనే.